పాత సెల్లును పారవేయవద్దు



విత్తనాల సంగతి, ఎరువుల సంగతి తరచు చెప్పుకుంటూనే వున్నాం. ఈ వేళ మీ అందరి యిళ్ళలోనూ వున్న ఒక చిన్న పనిముట్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది పాత సెల్లు ఫోను. కొత్తది కొన్న మరునాటి నుంచి పాతది అలమర మీదనో, ట్రంకుపెట్టెలోనో పడి వుంటుంది. కొన్నాళ్ళకు పిల్లల ఆటవస్తువవుతుంది. ఆ తరువాత ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. పాతబడిన కొడవలికి కక్కు పెట్టించుకుంటాం. నాగలి కర్రు అరిగితే కొలిమికి తీసుకొనిపోతాం. వేలు పోసి కొన్న సెల్లును మాత్రం ఎందుకు మూల పడవేయాలి?

హైదరాబాదు పాతబస్తీ వైపు సంతోష్‌నగర్ అనే పేట వున్నది. సాగర్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల వైపు నుంచి మాదన్నపేట మండీకి కూరగాయలు తెచ్చే రైతులకు ఆ పేట తెలిసినదే. కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ అక్కడే వున్నది. దాన్నే పొట్టి పేరుతో 'క్రిడా' అంటారు. 1970లో మెట్ట సేద్యం కోసం మొదలైన అఖిల భారత పథకం పెరిగి పెద్దదై, 1985లో ఈ సంస్థ ఏర్పడింది. వాన పదిహేను రోజులు ఆలస్యమైతే ఏ పంట వేయాలి, పైరు మీద బెట్ట వస్తే ఏం చేయాలి అనే విషయాల మీద జిల్లా జిల్లాకూ ప్రణాళికలు తయారు చేసిన సంస్థ అది. వాతావరణానికీ పంటలకూ గల సంబంధాన్ని పరిశీలించే అఖిల భారత పథకం కూడా అక్కడి నుంచే నడుస్తున్నది.

ఇంత విద్య పట్నంలో తయారైతే చాలునా? అది మీ చేను గట్టు మీదికి రావాలి. అదను దాటకముందే రావాలి. రేపు పెద్ద వాన వున్నదన్న కబురు యివాళ అందితే యూరియా చల్లకుండా ఆగుతాం. అదే కబురు యింటిలో అలమర మీద వున్న ఫోనుకు వచ్చి, చేనులో వున్న మనిషికి అందకపోతే ఎరువు వాననీటితో కొట్టుకొనిపోతుంది. కబురు రావడం ఒక ఎత్తు, అది పని చేసే మనిషి చేతికి అందడం మరొక ఎత్తు. అందుకే రెండవ సెల్లు కావాలి. దాని కోసం కొత్తగా డబ్బు పెట్టనక్కరలేదు. ఆ డబ్బును విత్తనానికీ ఎరువుకూ దాచుకోండి. పాత సెల్లే ఆ పని చేస్తుంది.

ముందు మీ యింటిలో వున్నది ఏ రకమో చూసుకోండి. మీటలు నొక్కే ఫోను ఒక రకం. అద్దం మీద వేలితో తాకే తెర ఫోను రెండవ రకం. కొందరి యిళ్ళలో పిల్లల చదువు కోసం కొన్న ట్యాబులు కూడా వుంటాయి. వాటిని తెర ఫోనుతోనే లెక్కించవచ్చును.

మీటల ఫోనును తక్కువగా చూడవద్దు. 2003లో వచ్చిన నోకియా 1100 మీలో చాలామందికి గుర్తు వుంటుంది. దుమ్ము చొరని మీటలు, రాత్రి నీళ్ళు కట్టడానికి టార్చి లైటు, ఒకసారి చార్జి పెడితే రోజుల తరబడి నిలిచే బ్యాటరీ వుండేవి. అటువంటి ఫోనుతో యిప్పటికీ కిసాన్ కాల్ సెంటరును పిలవవచ్చును. ఆ సెంటరు 2004 జనవరిలో మొదలైంది. నంబరు 1800-180-1551. ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా తెలుగులోనే జవాబు చెబుతారు. పిలిచినందుకు మీకు పైసా ఖర్చు లేదు. ఇంటర్నెట్టు అక్కరలేదు, అక్షరం రాకపోయినా ఫరవాలేదు.

అయితే ఒక సంగతి చూసుకోవాలి. అన్ని సిమ్ములూ అన్ని ఫోన్లలోనూ పనిచేయవు. పాత 2జి మీటల ఫోనులో జియో సిమ్ము వేస్తే పలకదు. దానికి 4జి ఫోను కావాలి. ఎయిర్‌టెల్, వి.ఐ., బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్ములు 2జి సిగ్నలు వున్న చోట పనిచేస్తాయి. మీ చేనులో ఏ కంపెనీ సిగ్నలు వస్తుందో గట్టు మీద నిలబడి చూసుకొని, ఆ సిమ్మే వేసుకోండి.

ఇక నంబరు సంగతి. ఫోను కన్న నంబరు ముఖ్యం సుమా! బ్యాంకు ఖాతాకు, ఆధారుకు, వ్యవసాయ శాఖ లెక్కలకు మీరు యిచ్చిన నంబరు ఒకటి వుంటుంది. చవక రీచార్జి వచ్చిందని ఆ సిమ్మును తీసి పారవేసి కొత్తది వేసుకుంటే, కబుర్లన్నీ పాత నంబరుకే పోతూ వుంటాయి. మూడు నెలలు వాడకుండా వదిలివేస్తే కంపెనీవారు ఆ నంబరును రద్దు చేయవచ్చును. కొంతకాలానికి దాన్ని వేరొకరికి యిస్తారు. అప్పుడు మీ బ్యాంకు రహస్య అంకె ఆ పరాయి మనిషికి పోతుంది. కనుక పాత సిమ్మును పాత ఫోనులో వేసి, అప్పుడప్పుడు మాట్లాడుతూ బతికించి వుంచండి. కంపెనీ మారాలనుకుంటే నంబరు మారకుండానే మారే వీలు వున్నది. నంబరే మార్చుకోక తప్పనప్పుడు ముందు బ్యాంకులోను, తరువాత మీ విస్తరణాధికారి దగ్గర కొత్తది రాయించండి.

ఇప్పుడు తెర ఫోను. ఎద్దు ముసలిదైతే బరువు బండికి కట్టం గదా! ఇంటి దగ్గర తేలిక పనికి వాడుకుంటాం. పాత తెర ఫోనూ అంతే. దాని కంపెనీవారు రక్షణ మార్పులు పంపడం మానివేసి వుంటారు. కాబట్టి డబ్బు చెల్లింపులు, బ్యాంకు పనులు దానిలో పెట్టవద్దు. వాటిని కొత్త ఫోనులోనే వుంచండి. పాతదానికి తేలిక పనులు నాలుగు అప్పగించండి.

ఒకటి, వాతావరణం. 2019లో వచ్చిన 'మేఘదూత్', పిడుగుల హెచ్చరిక చెప్పే 'దామిని' దానిలో ఎక్కుతాయేమో చూడండి. ఉరుము వినపడితే మాత్రం ఫోను చూస్తూ నిలబడవద్దు. చెట్టు కింద నుంచి బయటికి వచ్చి పక్కా యింటిలోకి వెళ్ళండి. ఆ వేళ గోడకు తగిలించిన చార్జరుతో ఫోను వాడకూడదు.

రెండు, ఫోటోలు. ఆకు మీద మచ్చ కనిపిస్తే, ముందు కెమెరా అద్దాన్ని మెత్తని బట్టతో తుడవండి. మొక్క మొత్తం ఒక ఫోటో, ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి తీయండి. పురుగు చిన్నదైతే పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి. సైజు తెలుస్తుంది.

మూడు, లెక్క పుస్తకం. ఏ తేదీన ఏ మందు ఎంత కొట్టారో, ఎన్ని కూలీలు పట్టాయో, మీ గొంతుతోనే చెప్పి దాచుకోవచ్చును. విత్తనాల బిల్లుకూ మందుల డబ్బా మీది చీటీకీ ఫోటో తీసి వుంచండి. విత్తనం మొలవకపోతే అడగడానికి ఆధారం వుంటుంది.

నాలుగు, రేడియో. చాలా పాత ఫోన్లలో ఎఫ్.ఎం. రేడియో వున్నది. చెవికి పెట్టుకునే తీగ తగిలిస్తే అదే ఏరియల్ అవుతుంది. ఇంటర్నెట్టు అక్కరలేదు.

ఫోను నత్తనడక నడుస్తున్నదని విసుగుకోకండి. కలుపు తీయని చేను ఎదుగుతుందా? పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, వీడియోలు కొట్టివేయండి. వాడని ఆటలు తీసివేయండి. ఫోటోలను మెమరీ కార్డులోకి మార్చండి. సగం బరువు దిగుతుంది.

ఇక బ్యాటరీ పోషణ. దానికి ప్రథమ శత్రువు వేడి. ట్రాక్టరు ముందు పలక మీద, మోటరు డబ్బా మీద, రేకుల కప్పు కింద కిటికీలో ఫోను పెట్టకండి. పూర్తిగా సున్నాకు దించడం, రాత్రంతా నూటికి నూరు పెట్టి వుంచడం కన్న, 20కీ 80కీ మధ్య వుంచితే ఎక్కువ కాలం మన్నుతుంది. వాడకుండా దాచే ఫోనుకు సగం చార్జి పెట్టి, ఆపివేసి, చల్లని పొడి చోట వుంచండి. మూడు నెలలకు ఒకసారి మళ్ళీ సగం దాకా పెట్టండి. బ్యాటరీ ఉబ్బితే అక్కడితో దాని ఆయువు తీరినట్లే. సూదితో పొడవడం, నొక్కి మూత పెట్టడం, చార్జి పెట్టడం చేయవద్దు. మంట లేస్తుంది. పాత మీటల ఫోన్లలో చాలావాటికి పట్టే బీఎల్-5సీ రకం బ్యాటరీ బజారులో యిప్పటికీ దొరుకుతుంది. చిన్న రేడియోలకు కూడా అదే వేస్తారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్ దగ్గర జగదీష్ మార్కెట్టులో సెల్లు సామాను దుకాణాలు వరుసగా వున్నాయి. కొనేముందు ఫోనులో వేయించి చూసుకోండి.

చార్జరు పట్టకపోతే వెంటనే చెడిపోయిందనుకోకండి. పత్తి నూగు, దుమ్ము రంధ్రంలో చేరుతాయి. ఫోను ఆపి, పొడి పుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు పెట్టవద్దు. ఫోను నీళ్ళలో పడితే ఆపి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, తుడిచి, గాలి తగిలే నీడన ఒకటి రెండు రోజులు ఆరనీయండి. బియ్యంలో పెడితే ఆ పిండి లోపలికి పోతుంది. పొయ్యి దగ్గర పెడితే బ్యాటరీ పాడవుతుంది.

పురుగుమందు కొట్టేటప్పుడు మరీ జాగ్రత్త. మందు చేతితో ఫోను ఎత్తుతాం, చెంపకు ఆనిస్తాం. సాయంత్రం అదే ఫోనును పసిబిడ్డ నోట పెట్టుకుంటుంది. మందు కొట్టేనాడు ఫోనును పాలిథిన్ సంచిలో మూతికట్టి గట్టు మీద నీడన వుంచండి. చేతులు సబ్బుతో కడిగిన తరువాతనే ముట్టుకోండి.

మరొక ప్రమాదం చెప్పాలి. పాత సెల్లు విప్పి, తీగలు లాగి, బోరు మోటరు స్టార్టరుకు కలిపే వాళ్ళు వున్నారు. యింట్లో కూర్చుని రింగు యిస్తే మోటరు తిరుగుతుందని సంబరం. కాని అక్కడ మోటరు దగ్గర చేయి పెట్టిన మనిషి వుంటే? దయచేసి ఆ పని చేయకండి. రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైన తరువాత రాత్రివేళ మోటరు కోసం కాచుకునే అవసరమూ తగ్గింది. సెల్లు స్టార్టరు కావాలంటే తయారైనదాన్ని తెలిసిన మెకానిక్కుతో, ఎర్తింగు వేయించి పెట్టించుకోండి. మోటరును ముట్టుకునే ముందు మెయిను ఆపడం మరవవద్దు.

పాత ఫోను అమ్మేటప్పుడు, యిచ్చేటప్పుడు ముందు గూగుల్ ఖాతాను తీసివేసి, ఆ తరువాత ఫోనును మొత్తం తుడిచివేయించండి. ఖాతా తీయకుండా తుడిస్తే కొన్నవాడికి తాళం పడుతుంది. మీరు పాతది కొంటుంటే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. 15 అంకెల సంఖ్య వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కె, వై, ఎం రాసి, చోటు వదిలి, ఆ సంఖ్య వేసి 14422కు పంపండి. దొంగ సొత్తయితే తెలిసిపోతుంది. ఫోనులో ఎవరైనా రహస్య అంకె అడిగితే చెప్పకండి. మోసపోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి. ఇక ఏ విధానా పనికిరాని ఫోనును కుప్పలో పడవేయడం, రాగి కోసం కాల్చడం వద్దు. ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ నుంచి అమలులో వున్న నియమాల ప్రకారం తయారీదారుల మీద పాతవాటిని తిరిగి సేకరింపజేసే బాధ్యత వున్నది. పెద్ద దుకాణాలలో అడగండి.

తోటి విస్తరణ కార్యకర్తలకు రెండు మాటలు. చాలా పాత ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి. పైగా ఒక ఎస్.ఎం.ఎస్.లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే తెలుగువి 70 మాత్రమే పడతాయి. కనుక మీ గ్రామంలో ఎవరి దగ్గర ఏ ఫోను వున్నదో ఒక చిట్టా రాసుకోండి. డబ్బాలు కనిపించే వారికి గొంతుతోనే చెప్పండి. ఆ చిట్టాలో యింటి యజమాని పేరు ఒక్కటే రాసి వూరుకోవద్దు. కలుపు తీసేది, ఎరువు చల్లేది చాలా యిళ్ళలో ఆడవారే. ఆ అమ్మ చేతిలో పాత సెల్లు వున్నదా, దాన్ని ఎత్తడం ఆమెకు వచ్చునా అని అడగండి. రాకపోతే రైతు వేదికలో ఒక పూట కూర్చోబెట్టి నేర్పండి.

2004లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు 'ఈ-సాగు' అనే పని మొదలుపెట్టారు. వరంగల్ జిల్లా పత్తి చేలలో ఫోటోలు తీసి, సీడీల మీద ఎక్కించి, కొరియరులో హైదరాబాదు పంపేవారు. నిపుణులు చూసి సలహా చెప్పేవారు. ఆ రోజులలో అది గొప్ప సంగతి. ఇవాళ మీ అలమర మీద పడివున్న తెర ఫోను ఆ పని నిమిషంలో చేయగలదు. దానికి కావలసినది కాస్త చార్జి, సరైన సిమ్ము, దాన్ని పట్టుకునే ఒక చేయి.

కనుక రైతు సోదరులారా, యీ వారంలో ఒకనాడు తీరిక చేసుకొని అలమర దులపండి. పాత సెల్లు తీసి, తుడిచి, చార్జి పెట్టి, కిసాన్ కాల్ సెంటరు నంబరును మొదటి పేరుగా రాసి, చేనుకు వెళ్ళే మీ యింటి యిల్లాలి చేతిలో పెట్టండి. వాన కబురు రావలసిన చోటికి వస్తుంది.