దాణా గది చుట్టూ పందికొక్కులు

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించి తరువాత వచ్చేవారు చెబుతారు. నాకు ఇచ్చిన విషయం పందికొక్కు. నవ్వకండి. తనిఖీలో దాణా బస్తాలు తూకం వేస్తే స్టాకు పుస్తకంలో ఉన్నదానికి తక్కువ వస్తుంది. అడిగితే "పందికొక్కులండీ" అంటారు. నిజమే కావచ్చు. కాని కొరికిన సంచి చూపలేకపోతే, పాలకవర్గానికి ముందుగా తెలిపిన కాగితం లేకపోతే, ఆ తరుగు కార్యదర్శి పేరనే పడుతుంది. పందికొక్కు మీద రికవరీ వేసే అధికారం నాకు లేదు.

గడ్డివాము అడుగు, పాక గోడ వార, కాలువ గట్టు దీనికి ఇష్టమైన చోట్లు. కలుగు నోటివద్ద తాజా మట్టి కుప్పగా పోస్తుంది. తినేది కొంత, లోపలికి మోసుకుపోయి దాచేది కొంత, మూత్రంతో పాడుచేసేది ఇంకొంత. ఆ మూత్రం ద్వారా లెప్టోస్పైరా క్రిములు వ్యాపిస్తాయి. చూడి గేదెలు ఈసుకుపోతాయి. కాళ్ళకు పుండ్లుండి తడి పాకలో వట్టికాళ్ళతో తిరిగేవారికి జ్వరం, కామెర్లు రావచ్చు.

అందరూ మొదట మందు అడుగుతారు. మొదట చేయవలసినది అది కాదు. బస్తాలను చెక్కల మీద, గోడకు అడుగు దూరంగా పేర్చండి. తలుపు అడుగున రేకు కొట్టించండి. తూము నోటికి ఇనుప జల్లెడ బిగించండి. గడ్డివామును నేలమీద కాక రాళ్ళమీద మంచెకట్టి వేయించండి.

తరువాత సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసి, తెల్లవారి చూడండి. తెరుచుకున్నవే బతికున్న కలుగులు. మిగతావాటిలో మందు వేయడం డబ్బు దండుగ.

జింకు ఫాస్ఫైడు వాడేవారు చేసే పొరపాటు మొదటి రోజే మందు పెట్టడం. కొంచెం తిని జబ్బుపడి బతికిన జంతువు మళ్ళీ ఆ ఎరను ముట్టదు. రెండు రోజులు నూనె కలిపిన నూకలు మాత్రమే పెట్టి మరగనివ్వాలి. మూడవ రోజు 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు పుల్లతో కలిపి, 10 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి కలుగులోపల వేయాలి. దీనికి విరుగుడు లేదు. పిల్లలు, కోళ్ళు తిరిగే ఇంటి దగ్గర బ్రోమాడియోలోను బిళ్ళలు నయం. పని నిదానమే గాని విటమిన్ కె1 విరుగుడుగా ఉన్నది. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను ఇంటి చుట్టుపట్ల ఎన్నడూ వాడకండి. ఆ వాయువు కలుగు వెంట గోడ కిందుగా గదిలోకి వచ్చి నిద్రపోతున్నవారిని చంపుతుంది.

ఏ మందూ పాల సేకరణ గదిలో ఉండరాదు. పాలు కొలిచే పాత్రతో మందు కొలవరాదు. ఇది నేను చెప్పాలా అనుకోకండి, చెప్పవలసి వస్తున్నది.

డెల్టా గ్రామాలలో బుట్టలు పెట్టి పట్టేవారున్నారు. కూలి ఇచ్చి వారిని పిలిపించడం మందుకంటె మేలని నా అభిప్రాయం. ఏది చేసినా వీధి మొత్తం ఒకే రోజున చేయించండి. ఒక్క ఇల్లు చేస్తే పక్కింటివి వారంలో వస్తాయి.

కొరికిన సంచులు పారవేయకండి. మిగిలిన దాణా తూకం వేయించి, ఇద్దరు పాలకవర్గ సభ్యుల సంతకాలతో అదే రోజు స్టాకు పుస్తకంలో వ్రాయించి, తనిఖీ అయ్యేవరకు సంచిని అక్కడే ఉంచండి.