ఆర్‌వీ1 ప్లస్‌కి 15 వేలు ఎక్కువ పెట్టొచ్చా? పీజీలో ఉండేవాళ్ల లెక్క

వెనకాల హారన్ల గోల వినిపిస్తే ఏమనుకోకండి, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మా తమ్ముడి పీజీ బయట నిలబడి మాట్లాడుతున్నా. ఈ వీడియో నిజానికి వాడి కోసమే. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, ఎలక్ట్రిక్ బైక్ కొంటానంటున్నాడు. రివోల్ట్ ఆర్‌వీ1. "అన్నా, మామూలుది తీసుకోవాలా, ప్లస్ తీసుకోవాలా?" అని వారం నుంచి నా బుర్ర తింటున్నాడు.

2024 సెప్టెంబర్‌లో ఈ బైక్ వచ్చినప్పుడు చెప్పిన ఎక్స్ షోరూమ్ ధరలతో మాట్లాడుకుందాం. ఆర్‌వీ1 84,990 రూపాయలు, ప్లస్ 99,990. సరిగ్గా 15 వేలు తేడా. మీరు వెళ్లే రోజుకి ధర మారి ఉండొచ్చు, కనుక్కోండి. అసలు తేడా బ్యాటరీలో ఉంది: చిన్నదాంట్లో 2.2 కిలోవాట్ అవర్, ప్లస్‌లో 3.24. కిలోవాట్ అవర్ అంటే భయపడకండి, మన కరెంటు బిల్లులో యూనిట్ అంటామే, అదే.

కంపెనీ చెప్పే రేంజ్ 100, 160 కిలోమీటర్లు. మన మైండ్‌స్పేస్ సిగ్నల్ దగ్గర ఆగుతూ కదులుతూ వెళ్తే అంత రాదండి. నేను కిలోమీటరుకి 30 వాట్ అవర్లు వేసుకుంటా. అంటే చిన్నది 73, ప్లస్ 108.

ఇలా కాస్త తక్కువగా లెక్కేసుకోవడం నాకు ఒక రాత్రి అలవాటైంది. అప్పుడు నా దగ్గర వేరే కంపెనీ స్కూటర్ ఉండేది, స్క్రీన్ మీద ఇంకా 9 కిలోమీటర్లు అని చూపిస్తోంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మధ్యలో ఆగిపోయింది. పక్కన జనం సెల్ఫీలు, నేను బండి తోసుకుంటూ. వాళ్ల ఫొటోల్లో వెనకాల నేనూ ఉండే ఉంటా.

సరే, లెక్కలోకి వద్దాం. "పెట్రోల్ మిగులుతుంది కదా, ఆ 15 వేలు ఏడాదిన్నరలో వచ్చేస్తాయి" అని చాలామంది అంటారు. మా వాడు ఆఫీసుకి రానుపోను 20 కిలోమీటర్లు తిరుగుతాడు, నెలకి 520. లీటరు 107 రూపాయలు, మైలేజీ 50 అనుకుంటే పెట్రోల్‌కి 1,100 పైనే. కరెంటుకి, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి, 18 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 180. నెలకి 900 మిగులుతాయి, నిజమే. కానీ అది చిన్న బైక్ కొన్నా మిగులుతుంది కదా! ప్లస్ కొన్నందుకు ఒక్క రూపాయి కూడా అదనంగా మిగలదు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఉన్న రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా అంతే, రెండింటికీ ఉంది.

మరి 15 వేలకి కొంటున్నదేంటి? ఒక యూనిట్ బ్యాటరీ. దాంతోపాటు చార్జింగ్ పాయింట్ కోసం వెతుక్కోవాల్సిన రోజులు తగ్గుతాయి. బ్యాటరీ పాతబడ్డాక 80 శాతానికి పడిపోయిందనుకోండి, ప్లస్‌లో ఇంకా 2.59 ఉంటుంది, కొత్త చిన్నదానికన్నా ఎక్కువ. అదే చిన్నది 58 కిలోమీటర్లకి దిగుతుంది. డెలివరీ చేసేవాళ్లు, రోజుకి 80, 90 తిరిగేవాళ్లు ఆలోచించకుండా ప్లస్ తీసుకోండి. మధ్యాహ్నం చార్జింగ్ పెట్టి కూర్చుంటే ఆ టైమ్‌లో ఆర్డర్లు పోతాయి.

మా వాడి సమస్య వేరు. పీజీ సెల్లార్‌లో ప్లగ్ లేదు. ఆదివారం కొండాపూర్‌లో మా ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టుకుంటా, ప్లస్ అయితే వారమంతా వస్తుంది అన్నాడు. రాదు. ఆరు రోజులకి 120 కావాలి, కొత్త ప్లస్‌కే 108. అంటే 15 వేలు ఎక్కువ పెట్టినా శనివారం మళ్లీ ప్లగ్ వెతుక్కోవాల్సిందే.

అందుకే పొద్దున పీజీ అంకుల్‌తో మాట్లాడా. మొదట "కుదరదు బాబూ, బిల్లు నామీద పడుద్ది" అన్నారు. 18 యూనిట్ల లెక్క కాగితం మీద రాసి చూపిస్తే నెలకి 400కి ఒప్పుకున్నారు. వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే అని నేనే షరతు పెట్టా, సెల్లార్‌లో ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దండి బాబూ. 15 వేలని 400తో భాగిస్తే 37 నెలలు. మూడేళ్ల ప్లగ్, కరెంటుతో సహా!

కాబట్టి మా వాడికి మామూలు ఆర్‌వీ1. మొహం కొంచెం మాడ్చుకున్నాడు, "పీజీ మారితే?" అంటున్నాడు. మంచి ప్రశ్నే. మారేముందు గదికన్నా ముందు సెల్లార్ చూడరా అన్నా. బండి వచ్చాక ప్లగ్‌కి చిన్న మీటర్ పెట్టి, నెల తిరిగాక నా 18 యూనిట్ల లెక్క కరెక్టో కాదో ఇక్కడే చూపిస్తా.