ముఖచర్మము: దాని స్వభావము, సంరక్షణము

 

నల్లరేగడిలో పండు పైరు ఇసుకనేలలో పండదని మీకు నేను వేరుగ చెప్ప బనిలేదు. నేల గుణము నెరిగి సేద్యము చేయు మనము, మన ముఖముమీది చర్మముయొక్క గుణము నెరుగకయే, పొరుగువారు పూసికొన్న దానినెల్ల మనమును పూసికొనుచుందుము. అందుచేత కలుగు నష్టమును గూర్చి నేడు కొంత మనవి చేసెదను. ఇది స్త్రీల యలంకారమునకు సంబంధించిన ముచ్చట యని తోసివేయవలదు. ఇంటి పెద్దలు వినవలసిన మాట యిందులో గలదు.

చర్మమునకు ఏడు పొరలు గలవని సుశ్రుతుడును, ఆరు గలవని చరకుడును చెప్పిరి. సుశ్రుతుడు మొదటి పొరకు అవభాసిని యని పేరిడెను. మేని వన్నెలను వెలయించునది యని దాని భావము. నేటి శాస్త్రజ్ఞులు పైచర్మము, లోచర్మము అని ముఖ్యముగ రెండు భాగములు చేసి చెప్పుదురు. లోచర్మమునందు సన్నని నూనెగ్రంథులు కలవు. అవి రోమకూపముల ద్వారమున ఒక విధమగు జిడ్డును పైకి పంపుచుండును. ఆ జిడ్డు చర్మము ఎండిపోకుండ కాపాడును. ముఖమున నుదురు, ముక్కు, గడ్డము అను చోట్ల ఈ గ్రంథులు దట్టముగ నుండును.

ఈ జిడ్డుయొక్క హెచ్చుతగ్గులను బట్టి ముఖచర్మము నాలుగు విధములు: జిడ్డు చర్మము, పొడి చర్మము, కొన్ని చోట్ల జిడ్డు కొన్ని చోట్ల పొడి యగు మిశ్రమ చర్మము, రెండును సమముగ నున్న సమ చర్మము. వీనిలో ఏదియైనను మిక్కిలి సున్నితమై, చిన్న కారణమునకే మండుటయు దురదపెట్టుటయు కలదు. దానిని సున్నిత చర్మ మందురు.

మీది యెట్టిదో తెలిసికొనుట సులభము. ముఖమును కొద్ది సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, ఏమియు పూయక ఒక గంట నీడపట్టున కూర్చుండుడు. పిదప పలుచని కాగితమును నుదుట, ముక్కున, చెక్కిళ్లయందు ఒత్తి చూడుడు. అంతటను నూనె మరక పడిన జిడ్డు చర్మము. ఎక్కడను మరక పడక, ముఖము బిగిసినట్లుండిన పొడి చర్మము. నుదుటను ముక్కునను మాత్రమే మరక పడిన మిశ్రమ చర్మము. బిగువును లేక మరకయు లేకుండిన సమ చర్మము. ఇది జన్మాంతము ఒకే రీతి నుండునది కాదు. యౌవనమున జిడ్డు హెచ్చును, వార్ధక్యమున తగ్గును. కావున పదునారేండ్ల మనుమనికి నప్పిన సబ్బు అరువదేండ్ల తాతకు నప్పవలెనను నియమము లేదు.

జిడ్డు చర్మము గలవారు దినమునకు రెండు మారులు ముఖము కడిగికొనిన చాలును. పదేపదే రుద్ది కడిగినచో చర్మము రేగును. తలకు రాచిన నూనె నుదుటికి కారకుండ చూచుకొనవలెను. యువకుల ముఖమున లేచు మొటిమలను సుశ్రుతుడు బూరుగు ముండ్లతో పోల్చెను. వానిని గిల్లినచో మచ్చలు నిలిచిపోవును. నా బడిలో చదివిన బాలురు కొందరు మొటిమలు దుర్నడతకు గుర్తని యెవరో యనగా విని, తల యెత్తలేక కుమిలిపోవుట చూచితిని. ఆ మాట శుద్ధ అబద్ధము. అది వయోధర్మము. మొటిమలు పెద్దవై నొప్పి పెట్టుచుండిన మంచి చికిత్స కలదు, వైద్యునికి చూపవలెను.

పొడి చర్మము గలవారు, ముఖ్యముగ వృద్ధులు, మిక్కిలి వేడినీళ్లను, ఘాటైన సబ్బును మానవలెను. గరుకు నలుగుతో గట్టిగ తోమరాదు. స్నానము చేసిన వెంటనే, తడి పూర్తిగ ఆరకముందే, కొంచెము కొబ్బరినూనెనో వాజిలైనునో పలుచగ రాచినచో నీటి చెమ్మ లోపల నిలుచును. మిశ్రమ చర్మమున పొడిగా నున్న చోటనే రాచి, జిడ్డు చోటును విడువవలెను. సున్నిత చర్మము గలవారు ఏ క్రొత్త వస్తువునైనను ముందు మోచేతి లోపలి మడతయందు రెండు మూడు దినములు పూసి చూచి, దద్దు రానిచో ముఖమునకు వాడవలెను. నిమ్మరసము పూసికొని యెండలో తిరుగుట యెవరికిని తగదు. పొక్కులు లేచి, పిమ్మట నల్లని మరకలు పడును.

ఎండ అన్ని విధముల చర్మమునకును శత్రువే. స్త్రీల చెక్కిళ్లపై వచ్చు మంగు ఎండచేత మరింత ముదురును. పొలమునకు పోవువారు ముఖమునకు నీడ పడునట్లు వెడల్పు టోపీయో గొడుగో వాడుట మేలు.

ఇక ముఖ్యమైన మాట. ఆడపిల్లకు సంబంధములు చూచు దినములు వచ్చినవనగానే తెల్లబడుటకని మందుల అంగడిలో ఒక ట్యూబు కొని తెచ్చి రాచుట పల్లెలయందును వ్యాపించినది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అను పేర్లు దానిపై నున్నచో అది స్టెరాయిడ్ మందు. కొన్ని రోగములకు వైద్యుడు కొలది దినములకు వ్రాసి యిచ్చునదే గాని, నిత్యము ముఖమునకు రాచుకొనునది కాదు. మొదట ముఖము నునుపై తెల్లబడినట్లు తోచును. కొన్ని వారములో నెలలో గడచుసరికి చర్మము పలుచనై, ఎర్రని సన్నని నరములు కనబడును. మొటిమలు క్రమ్మును, ఆడపిల్లల చెక్కిళ్లపై నూగువెండ్రుకలు హెచ్చును. మానినంతనే ముఖము మంటలెత్తును. ఆ బాధకు తాళలేక మరల అదే పూయుదురు. తామరకు దీనిని పూసినచో దురద తగ్గినట్లే యుండి తామర మరింత ప్రాకును. 2018వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఇట్టి లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కట్టడి చేసినది. ఇదివరకే వాడుచున్నవారు దాచిపెట్టక చర్మవైద్యుని దర్శింపవలెను.

పేరు, తయారుచేసినవారి చిరునామా లేని డబ్బాలు మరియొక గండము. కొన్ని తెల్లబరచు లేపనములలో పాదరసము కలుపుచున్నారు. అది చర్మముగుండ లోనికి దిగి మూత్రపిండములను చెరచును. కేరళ రాష్ట్రమున 2023లో అట్టి లేపనములు వాడినవారికి మూత్రపిండ వ్యాధి కలిగినట్లు వైద్యులు కనుగొనిరి.

ముఖమున గాని మరెచ్చట గాని రంగు తగ్గిన మచ్చ కనబడి, అచట స్పర్శ తెలియనిచో ఏ లేపనమును పూయక వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. అది కుష్ఠు కావచ్చును. దానికి మందు ఉచితముగ నిత్తురు. సకాలమున వాడిన పూర్తిగ నయమగును. దాచినచో నరములు చెడి అవయవలోపము కలుగును.

పెద్దలారా! చర్మమునకు నలుపు నిచ్చు మెలనిన్ అను పదార్థము మన యెండలకు ప్రకృతి పట్టిన గొడుగు. నలుపు రోగము కాదు. కావున దానికి మందు అక్కరలేదు. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయను బట్టియే కలిగినది. ఆమెను స్వయంవరమున కోరి రాజులెందరో వచ్చిరి. ఆ కథను రచ్చబండమీద చదివి ఆనందించు మనమే, పిల్లను చూడబోయి రంగును గూర్చి ప్రశ్నింపవచ్చునా? అడుగువారు పెద్దలు, దానికై విషము పూసికొనువారు పిల్లలు. మీరు ఆ ప్రశ్న మానిననాడు ఆ ట్యూబు అంగడినుండి మీ యింటికి రాదు. చర్మముయొక్క గుణము నెరిగి, శుభ్రమైన నీరు, తగుపాటి నూనె, ఎండకు నీడ, అవసరమైనచో వైద్యుని సలహా, వీనితో ముఖమును కాపాడుకొందము.