రంగులతో వ్రాసిన వలస చరిత్ర
(చిత్రకళాభ్యాసకుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చిత్రకళ నేర్వగోరువారు ముందుగా ఎవరి చిత్రములు చూడవలెనని అడుగుచుందురు. అమెరికా నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ చిత్రములు చూడుడని నా సలహా. చేయి నేర్చుటయు, చేతికి పని చెప్పు మనస్సు నేర్చుటయు రెండును ఆయనయందు కానవచ్చును.

లారెన్స్ 1917లో జన్మించెను. దక్షిణ రాష్ట్రములనుండి ఉత్తరమునకు వలసవచ్చిన కుటుంబము ఆయనది. పదుమూడవ యేట న్యూయార్కునందలి హార్లెమ్ చేరెను. కుమారుడు వీధులపాలు కాకుండుటకై తల్లి ఆతనిని బడి విడిచిన పిమ్మట చిత్రకళా తరగతికి పంపెను. ఇంటి తివాచీల అల్లికలను చూచి బాలుడు రంగుల వరుసలు కూర్చెను. గురువైన చార్లెస్ ఆల్‌స్టన్ ఆతనిని తన దారి త్రొక్కుమని నిర్బంధింపలేదు.

పాఠశాల చెప్పని స్వజాతి చరిత్ర ఆతనికి 135వ వీధి గ్రంథాలయమున లభించెను. ఆర్టురో షోంబర్గ్ జీవితకాలము కూర్చిన నల్లజాతి గ్రంథసంచయము 1926లో అచ్చటికి చేరియుండెను. హైటీ విమోచన నాయకుడు తూసాన్ లూవెర్త్యూర్ చరిత్ర ఒక్క చిత్రమున ఇముడదని గ్రహించి, 1938 నాటికి లారెన్స్ 41 చిత్రములు వ్రాసెను.

ఆగస్టా సావేజ్ అను శిల్పిని ఉపకారము మరువరానిది. ఆమె నల్లజాతి స్త్రీయగుటచే 1923లో ఫ్రాన్సు దేశమందలి కళాశాలయొకదానిలో ఆమెకు ప్రవేశము నిరాకరింపబడెను. తనకు మూసిన తలుపును ఆమె పరులకు తెరచెను. హార్లెమ్‌లో ఎందరికో విద్య గరపెను. 1938లో లారెన్స్‌ను స్వయముగా వెంటగొనిపోయి ప్రభుత్వ కళాపథకమున జీతముపై చేర్పించెను.

1940–41లో ఆయన తన జాతి వలసను 60 పలకలపై చిత్రించెను. ఆ పనితీరే అభ్యాసకులకు పాఠము. ముందు గ్రంథాలయమున చదివెను. ఒక్కొక్క చిత్రమునకు వాక్యము కూర్చెను. పిదప రేఖలు గీచెను. తరువాత భార్యయైన చిత్రకారిణి గ్వెండొలిన్ నైట్ పలకలకు అడుగుపూత వేయుటలో తోడ్పడెను. పలకలన్నియు ఎదుట పరచి, ముదురు రంగు మొదలుకొని ఒక్కొక్క రంగును అన్నిటిపైనను వేసి, ఆపై లేతరంగునకు పోయెను. అందుచే అరువదియు ఒకే కథయని కన్ను గుర్తించును. 58వ పలకలో ముగ్గురు బాలికలు నల్లబల్లపై అంకెలు వ్రాయుచుందురు. ముఖములు కానరావు, పైకెత్తిన చేతులే విద్యాకాంక్షను తెలుపును.

మీరును ఇంటి పెద్దలు చెప్పిన ప్రయాణగాథ నొకదానిని ఐదు వాక్యములుగా వ్రాయుడు. ఐదు అట్టలు, నాలుగు రంగులు చాలును. అట్టలన్నియు ఒక్కసారి పరచి, ముదురు రంగుతో ఆరంభింపుడు. చేయి తడబడినను వెరవకుడు. చెప్పవలసిన కథ యున్నచో చేయి క్రమముగా దారికి వచ్చును.