యుద్ధం వద్దన్న అంతరాత్మ

1916 జనవరిలో బ్రిటన్ నిర్బంధ సైనిక సేవా చట్టం తెచ్చింది. మొదట పెళ్లికాని యువకులు, కొద్ది నెలల్లోనే పెళ్లయినవారూ సైన్యంలో చేరక తప్పలేదు. అయితే, మనిషిని చంపడానికి అంతరాత్మ ఒప్పుకోనివారు మినహాయింపు అడగవచ్చని అదే చట్టం చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న వేళ అది చిన్న విషయం కాదు.

సుమారు 16,000 మంది అలా నిరాకరించారు. వారిలో యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖకు చెందిన క్వేకర్లున్నారు, సోషలిస్టులున్నారు. వారి విశ్వాసం నిజమో కాదో స్థానిక ట్రిబ్యునళ్లు తేల్చేవి. గుండెలోని నమ్మకాన్ని కొన్ని నిమిషాల విచారణలో తూచడం ఎవరి తరం? పైగా సైన్యం ప్రతినిధి అక్కడే కూర్చుని ప్రశ్నించేవాడు. పూర్తి మినహాయింపు బహు కొద్దిమందికే దక్కింది.

కొందరు క్షతగాత్రులను మోసే అంబులెన్సు దళాల్లో ప్రాణాలకు తెగించి పనిచేశారు. యూనిఫారం సైతం తొడుక్కోబోమన్నవారు జైలు పాలయ్యారు. కొందరిని బలవంతంగా ఫ్రాన్స్‌కు తరలించారు. అక్కడ సైనిక న్యాయస్థానాలు 35 మందికి మరణశిక్ష వేశాయి; ఆ వెంటనే దాన్ని పదేళ్ల కఠిన కారాగార శిక్షగా మార్చారు. యుద్ధం ముగిశాక కూడా చాలామందికి ఐదేళ్లపాటు ఓటు హక్కు లేకుండా చేశారు. ఇది అన్యాయమే.

రెండో ప్రపంచ యుద్ధంలో న్యాయమూర్తుల అధ్యక్షతన ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. అప్పుడు దాదాపు 60,000 మంది తమ నిరాకరణను నమోదు చేసుకున్నారు.