సోలోన్ పీకించిన హద్దురాళ్ళు



ఈ స్మారకోపన్యాసం ఏ సారు పేరు మీద ఏర్పాటైందో, ఆయన పాఠంలో రాజు పేరు కంటే ముందు రైతు కట్టిన శిస్తు ఎంత అన్న ప్రశ్న వచ్చేది. నేనూ ఇవాళ ఆ దారినే గ్రీసుకు పోతాను.

గ్రీకులకూ మనకూ సంబంధం అనగానే పండితులు నాగార్జునకొండ శాసనంలోని యవనులను చూపిస్తారు. మంచిదే. కానీ జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో పుట్టినవాళ్ళకు ఏథెన్స్ అర్థం కావాలంటే అంతకంటే దగ్గరి దారి ఉంది: అప్పు, కౌలు, భూమి.

క్రీ.పూ. 1200 ప్రాంతంలో మైసీనియన్ కోటలు కూలాక గ్రీసులో కొన్ని వందల ఏళ్ళు రాతే లేకుండా పోయింది. ఎనిమిదో శతాబ్దంలో ఫినీషియన్ల అక్షరాలు తెచ్చుకుని, వాటికి అచ్చులు చేర్చుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. హోమర్ కావ్యాలు, ఒలింపిక్ పోటీలు, సముద్రం అవతల వలస నగరాలు అన్నీ ఆ తర్వాతి మాటే. పాఠ్యపుస్తకాలు ఇక్కడి నుంచి నేరుగా పార్థెనాన్‌కు దూకుతాయి. మధ్యలో రైతు గోస ఉంది.

క్రీ.పూ. 600 నాటికి ఏథెన్స్ చుట్టుపక్కల భూమి కొద్దిమంది చేతుల్లో ఉంది. కౌలు కట్టలేని రైతు, అతని పిల్లలు అప్పిచ్చినవాడి సొత్తు. కొందరిని పరదేశాలకు అమ్మేశారు. క్రీ.పూ. 594లో అధికారం అందుకున్న సోలోన్ ఆ అప్పులు రద్దు చేశాడు. మనిషి ఒంటిని తాకట్టు పెట్టుకుని అప్పివ్వడాన్ని నిషేధించాడు. అమ్ముడుపోయినవాళ్ళను కొందరిని వెనక్కి తెప్పించాడు. నేలలో పాతిన హద్దురాళ్ళు పీకించానని తన పద్యాల్లో తనే చెప్పుకున్నాడు. చట్టాలను చెక్కపలకల మీద రాయించి జనం ముందు పెట్టాడు. భూమి మాత్రం పంచలేదు. ఉన్నవాళ్ళూ కోపగించారు, లేనివాళ్ళూ కోపగించారు. ఆయన పదేళ్ళపాటు ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

ఇది వింటుంటే మీకు మన తాలూకా గుర్తుకు రాకపోతే ఆశ్చర్యమే. అప్పటికి నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అప్పు తీరేదాకా దొర ఇంట్లో తరతరాలు పనిచేసే భగేలా, కూలి లేని వెట్టి మన పెద్దలు అనుభవించినవే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం పంటను దొర మనుషులకు దక్కనివ్వలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలయ్యాడు. ఆ తర్వాత ఊళ్ళలో అప్పుపత్రాలు కాలాయి, సంఘాలు భూములు పంచాయి. సోలోన్ చేయనిది ఇక్కడ రైతులు చేశారు. 1948 పోలీసు చర్య తర్వాత దొరలు తిరిగొచ్చి ఆ భూముల్లో కొన్నిటిని మళ్ళీ లాక్కున్నారు. అదీ చెప్పుకోవాలి.

ఏథెన్స్ కథ అక్కడ ఆగలేదు. నిరంకుశుడు పిసిస్త్రాతస్ పేద రైతులకు అప్పులిచ్చాడు, ఊళ్ళకు న్యాయాధికారులను పంపాడు. విషాద నాటకాల పోటీలు మొదలైందీ అతని కాలంలోనే అంటారు. క్రీ.పూ. 508లో క్లిస్తనీస్ ఊరినే రాజకీయానికి పునాది చేశాడు. ఏథెన్స్ రాజ్యంలో అలాంటివి 139. ఆ ఊళ్ళ నుంచే 500 మంది సభకు ఎంపికయ్యేవారు. తర్వాత్తర్వాత ఆ ఎంపిక చీట్ల ద్వారా జరిగేది. ఎస్కిలస్, సోఫోక్లిస్ నాటకాలు చూసిన ప్రేక్షకుల్లో ఈ ఊళ్ళ రైతులు ఉన్నారు. తమ ఒంటి మీద తమకు హక్కు దక్కిన మూడు నాలుగు తరాలకే వాళ్ళు పర్షియా సైన్యాన్ని మారథాన్‌లో ఓడించారు. గ్రీకు సంస్కృతిలో మనం మెచ్చుకునేదానికి మూలం ఈ అప్పుల రద్దులోనే ఉందని నా అభిప్రాయం. తత్వవేత్తలను అడిగితే ఒప్పుకోకపోవచ్చు.

అయితే ఆ స్వేచ్ఛకు ఎవరు వెల కట్టారు? సొంత రైతును బానిసను చేయడం కుదరకపోయేసరికి ఏథెన్స్ బయటి బానిసలను కొనుక్కుంది. లారియన్ గనుల్లో వెండి తవ్వింది వాళ్ళే. క్రీ.పూ. 483లో అక్కడ బయటపడ్డ వెండితో కట్టిన ఓడలే మూడేళ్ళకు సలామిస్‌లో గెలిచాయి. ఆడవాళ్ళకు సభలో చోటే లేదు. మన ఐలమ్మ ఏథెన్స్‌లో పుట్టి ఉంటే, పౌరులు సభ తీరే పినిక్స్ గుట్ట మీద నిలబడి మాట్లాడే హక్కు ఆమెకు ఉండేది కాదు. పెరిక్లీస్ కాలాన్ని స్వర్ణయుగం అనేవాళ్ళు ఈ మాట దాటేస్తారు. నేను దాటేయలేను.

చివరగా ఒక కాగితం సంగతి. ఏథెన్స్ రాజ్యాంగ చరిత్ర మీద అరిస్టాటిల్ పేరున ఉన్న గ్రంథం చాలా శతాబ్దాలు దొరకలేదు. ఈజిప్టులో బయటపడ్డ పపైరస్ చుట్టల నుంచి 1891లో లండన్‌లో అచ్చయింది. ఆ చుట్టలకు ఒకవైపు ఎవరిదో వ్యవసాయ ఎస్టేటు జమాఖర్చులు. ఆ లెక్కల వెనకవైపు ఖాళీగా ఉందని అక్కడ ఈ గ్రంథాన్ని నకలు రాసుకున్నారు. సోలోన్ గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం అలా మిగిలింది.

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇళ్ళలో పాత కౌలు కాగితాలు, అప్పునోట్లు, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్ళు ఉంటే చెత్తలో వేయకండి. ఫొటో తీయండి, ఏ ఊరిదో, ఎవరి ఇంట్లోదో రాసి మీ కాలేజీ లైబ్రరీలో ఇవ్వండి. వెట్టి చూసిన ముసలివాళ్ళు మీ వాడలో ఇంకా ఉంటే ఈ వారమే పోయి కూర్చుని వినండి.