డీజిలు కారుకు కందెన

ఎడ్లబండికి కందెన వేయడం ఒకప్పుడు మన పల్లెలలో పెద్దలు పిల్లలకు అప్పగించే పని. కాల్చిన గడ్డిమసిని ఆముదములో కలిపి, వెదురు గొట్టములో పోసి, బండి క్రింద వ్రేలాడగట్టేవారు. దారిలో చక్రము కీచుమన్నప్పుడు బండి నిలిపి, చీల తీసి, ఇరుసుకు ఆ కందెన పూసేవారు. ఏ నూనె పూయవలెనన్న ప్రశ్నే ఆనాడు లేదు. విదేశములలో సైతము తొలినాటి మోటారు ఇంజనులకు ఆముదమునే వాడినారు. క్యాస్ట్రాల్ అన్న పేరు 1909లో పుట్టినది ఆముదమునకు ఇంగ్లీషులో ఉన్న పేరు నుండియే. కనుక మన బండివానికీ, ఆ సీమల మోటారువానికీ కందెన విషయములో కొంత చుట్టరికము ఉన్నదనే చెప్పుకొనవచ్చును.

ఆ సులువు ఇప్పుడు లేదు. కురిచేడు ప్రాంతమున అద్దెకారు నడుపుకొనే ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. నొప్పులు పడుతున్న ఒక స్త్రీని రాత్రివేళ ఒంగోలు ఆసుపత్రికి తీసుకొని వెళుతూ ఉండగా, మలుపు తిరిగినప్పుడల్లా ఎదుట ఆయిలు దీపము ఎర్రగా వెలిగి ఆరిపోవడం మొదలుపెట్టినదట. రోడ్డు ప్రక్కన తెరిచి ఉన్న ఒక అంగడిలో మూడు రకముల డబ్బాలు ఉన్నవి: లారీలకు పోసే 15డబ్ల్యు-40, మోటారు సైకిళ్ళకు పోసే 20డబ్ల్యు-40, గేరు పెట్టెకు పోసే 80డబ్ల్యు-90. “ఏదైనా నూనే గదా, పోయండి” అన్నాడట అంగడివాడు. ఆయన లారీ నూనె పోసి బయలుదేరినారు; తల్లీ బిడ్డా క్షేమము. కాని తాను చేసినది సరియేనా అన్న సందేహము ఆయనను విడువలేదు. కారు బి.ఎస్.-4 నాటిదనీ, దాని పుస్తకములో 15డబ్ల్యు-40 అనే వ్రాసి ఉన్నదనీ కూడా తెలిపినారు.

ముందుగా ఆ దీపము సంగతి. ఎర్రని ఆయిలు దీపము నూనె తగ్గినదని చెప్పే దీపము కాదు. నూనె ఒత్తిడి పడిపోయినదని చెప్పే దీపము. ఇంజను అడుగున ఉన్న తొట్టిలో నూనె బాగా తగ్గితే, మలుపులో అది ఒక ప్రక్కకు ఒరిగి, పంపు నూనెకు బదులు గాలిని పీలుస్తుంది. అందుకే దీపము వెలిగి ఆరుతుంది. అటువంటప్పుడు లోపల ఎంత తొందరగల మనిషి ఉన్నప్పటికీ వెంటనే ఇంజను ఆపవలెను. నూనె చేరని బేరింగులు కొద్ది నిమిషములలోనే పట్టివేయగలవు. ఆపి, నూనె పోసుకొని, దీపము ఆరితేనే కదలడం వలన పోయే కాలము ఒక పావుగంట. ఆపకపోతే ఆ కారు ఇక ఒంగోలు చేరదు.

ఇక డబ్బాపై అంకెలు. ఇవి అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము, ఎస్.ఏ.ఇ., ఏర్పరచిన చిక్కదనపు గుర్తులు. డబ్ల్యు అన్న అక్షరము చలికాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ నూనె అంత చలిలోనూ పారుతుంది. 15డబ్ల్యు నూనె గడ్డకట్టే చలికి ఇంకా ఎంతో దిగువన కూడా పంపుకు అందుతుంది. నల్లమల అంచున గిద్దలూరులో మాఘమాసపు తెల్లవారుజామున ఉండే చలి దానికి ఒక లెక్క కాదు. వెనుకనున్న అంకె 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఆ వేడిలో 30 రకము 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపున, 40 రకము 12.5 నుండి 16.3 లోపున ఉండవలెను.

మన ప్రాంతములో ఒక గట్టి నమ్మకము ఉన్నది. మార్కాపురము, గిద్దలూరు వైపు ఎండలు మెండు గనుక చిక్కటి నూనె పోస్తేనే ఇంజను బాగుంటుందని మెకానిక్కులు సైతము అంటారు. ఈ మాటలో కొంత నిజము, ఎక్కువ అపోహ. బయట 30 డిగ్రీలున్నా, 43 డిగ్రీలున్నా, నడుస్తున్న ఇంజనులో నూనె వేడి 100 డిగ్రీల చుట్టుప్రక్కలనే ఉంటుంది; థర్మోస్టాటు, రేడియేటరు పని అదే. నిండు బరువుతో నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు మాత్రము అది పెరుగుతుంది. ఇరుకైన సందులతో, 30 రకమునకు లెక్కకట్టి చేసిన క్రొత్త ఇంజనులో 50 రకము పోస్తే, తెల్లవారి స్టార్టు చేసిన తొలి క్షణములలో పై భాగములకు నూనె ఆలస్యముగా చేరుతుంది. నిమిషమునకు లక్షకు పైగా తిరిగే టర్బో ఇరుసు అంతవరకు దాదాపు పొడిగానే తిరగవలసి వస్తుంది. పాత పద్ధతి ఇంజను అరిగిపోయి నూనె త్రాగుతూ ఉంటే, ఒక మెట్టు చిక్కటి నూనె కొంతకాలము ఊరట కలిగిస్తుంది. అంతకు మించి ఆ నమ్మకములో పస లేదు.

చిక్కదనము కన్న ముఖ్యమైనది మరొకటి డబ్బామీద చిన్న అక్షరాలలో ఉంటుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు వారి గుర్తులలో ఎస్ తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజనులకు, సి తో మొదలయ్యేవి డీజిలు ఇంజనులకు. సి.హెచ్-4 1998లోను, సి.ఐ-4 2002లోను, సి.జె-4 2006లోను, సి.కె-4 2016లోను వచ్చినవి. డీజిలుకు వేరే నూనె ఎందుకని అడుగవచ్చును. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొందిన పద్ధతిలో నిప్పురవ్వ లేదు. గాలిని బలముగా నొక్కి, ఆ వేడికే ఇంధనము మండేటట్లు చేయడమే దాని కీలకము. ఆ మంటలో మసి పుడుతుంది. ఆ మసిని ముద్దకట్టనీయక విడదీసి తనలో మోయడమూ, మంటలో పుట్టే ఆమ్లములను చంపడమూ నూనె పనియే. అందుచేతనే డీజిలు కారులో క్రొత్త నూనె కొద్ది రోజులకే నల్లబడుతుంది. “నూనె నల్లబడినది, చెడిపోయినది” అని బెంగపడనక్కరలేదు. ఆ నూనె తన పని తాను చేస్తున్నది. పాలవలె తెల్లబడితే మాత్రము నీరు కలసినదని అర్థము. అప్పుడు పైన నూనె పోసి లాభము లేదు, మెకానిక్కు దగ్గరకు పోవలసినదే.

ఉత్తరము వ్రాసిన శ్రోత పోసినది సి.ఐ-4 లారీ నూనె. ఆయన కారుకు అది తగినదే. మోటారు సైకిలు నూనెలో క్లచ్చి మునిగి ఉంటుంది గనుక క్లచ్చి జారకుండా చూచి దానిని తయారుచేస్తారు. డీజిలు మసిని మోసే శక్తి దానికి తక్కువ. అయినను వేరేదేదీ దొరకనినాడు ఎండిన ఇంజనుతో పోవడము కన్న అర లీటరు అదైనా పోసుకొని, ఊరు చేరిన తరువాత మార్చుకొనడము మేలు. గేరు నూనె మాత్రము ఎన్నటికీ పోయరాదు. దాని పనీ వేరు, దానిలో కలిపే మందులూ వేరు. రెండు కంపెనీల నూనెలు కలిస్తే విరిగిపోతాయన్న భయము కూడా వలదు. ఇంజను నూనెలు ఒకదానితో ఒకటి కలిసిపోవలెనన్నది ఆ ప్రమాణములలోనే ఉన్న నియమము. కలిపినప్పుడు పోయేది మందుల పాళ్ళలోని సమతూకమే.

అయితే 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్.-6 డీజిలు కార్లవారు ఇంకొక మెట్టు జాగ్రత్త పడవలెను. వీటిలో చాలావాటి పొగగొట్టమునకు మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, డి.పి.ఎఫ్. అని పిలుస్తారు. పట్టిన మసిని అది అప్పుడప్పుడు కాల్చివేసుకొంటుంది. కాని నూనెలోని లోహపు మందులు కాలగా మిగిలే బూడిద కాలదు, పోదు. జల్లెడ రంధ్రములలోనే పేరుకొంటుంది. కనుక వీటికి బూడిద తక్కువ నూనె కావలెను. ఐరోపావారి సి3 గుర్తు గల నూనెలో ఆ బూడిద నూటికి 0.8 పాలు మించరాదు. పాత సి.ఐ-4 లారీ నూనెలకు అటువంటి కట్టడి లేదు. అత్యవసరమున అర లీటరు పోసినంత మాత్రమున జల్లెడ ఒక్క రోజులో మూసుకొనిపోదు. చవకగా వచ్చినదని ఎప్పుడూ దానినే పోస్తూ ఉంటే, చివరకు జల్లెడ మార్చే ఖర్చు సామాన్య కుటుంబము తట్టుకొనగలిగినది కాదు. ఊరిలోనే చిన్న చిన్న దూరములు తిరిగే ఇటువంటి కార్లలో ఇంకొక వింత ఉన్నది: జల్లెడ శుభ్రపడే సమయమున కాలని డీజిలు కొంత నూనెలోనికి దిగి, నూనె మట్టము తగ్గడానికి మారుగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చూచి సంతోషించరాదు. ఆ నూనె పలచబడినది.

మట్టము చూచే పద్ధతి అందరికీ తెలిసినదే అనుకొంటాము. చదునైన నేలమీద కారు నిలిపి, ఇంజను ఆపి, అయిదు పది నిమిషములు ఆగి, గేజి కడ్డీని ఒకసారి తుడిచి మరల దించి చూడవలెను. చాలా కార్లలో దిగువ గీతకూ ఎగువ గీతకూ మధ్య సుమారు లీటరు పడుతుంది. పావు లీటరు చొప్పున పోసి, ఆగి, మరల చూచుకొనవలెను. ఎగువ గీత దాటితే క్రాంకు నూనెను చిలికి నురుగు చేస్తుంది. డీజిలు ఇంజనులో ఇది మరీ ప్రమాదము. ఆ నూనె గాలి దారిలోనికి ఎక్కి, దానినే ఇంధనముగా మండించుకొంటూ, తాళము త్రిప్పినా ఆగక ఇంజను పరుగెత్తిన సందర్భములున్నవి.

మీ కారు పుస్తకములోని రెండు గుర్తులను, చిక్కదనమూ ప్రమాణమూ, ఒక చీటీ మీద వ్రాసి బోనెట్టు లోపల అంటించండి. ఆ రకము లీటరు డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకొంటే అర్ధరాత్రి అంగడివాని సలహాతో పని ఉండదు. నూనె పోసినప్పుడెల్లా కిలోమీటర్ల అంకెను వ్రాసుకొనండి; రెండు పోతల మధ్య దూరము నానాటికీ తగ్గుతూ వస్తే నూనె ఎక్కడనో కారుతున్నది, లేదా కాలుతున్నది. డబ్బా మూత సీలు తెగి ఉంటే కొనకండి. వాడిన డబ్బాలలో మడ్డి నూనె నింపి అమ్మేవారు ఉన్నారు గనుక, ఖాళీ అయిన డబ్బాకు మేకుతో ఒక రంధ్రము పొడిచి మరీ పారవేయండి.